బాస్ గిటార్‌కి నట్ ఇంట్లో చేసుకోవడం: నట్ పోతే పోయింది, నెక్ జాగ్రత్త

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఫెండర్ కంపెనీ జాజ్ బాస్ తరహా నాలుగు తీగల గిటారు, ప్లాస్టిక్ నట్ (నెక్ అనే పొడుగాటి మెడ పై కొసన తీగలు ఆనే గాడుల పట్టీ) మూడో తీగ గాడి దగ్గర పగిలింది, లావు తీగని ఓపెన్‌గా, అంటే ఎక్కడా నొక్కకుండా, మీటితే జుయ్యిమంటోంది, షాపులో చూపిస్తే నెక్ మొత్తం మార్చాలన్నారు, డిసెంబరుకల్లా చర్చిలో వాయించాలి, నట్ ఒక్కటీ ఇంట్లో చేసుకోవడం కుదురుతుందా అని కదా. కుదురుతుంది. నట్ పగిలితే నెక్ మార్చమనడం, చెప్పు తెగితే కాలు మార్చమన్నట్టుంది.

నేను షిప్‌యార్డులో ఫిట్టర్‌గా చేసి రిటైరైనవాణ్ణి. వైజాగ్ జ్ఞానాపురంలో చర్చి క్వయర్‌కి (పాటల బృందానికి) బాస్ వాయిస్తూ, చేసేవాళ్లు దొరక్క నేనే నట్లు చెయ్యడం మొదలుపెట్టాను. అప్పట్లో ఆటోనగర్‌లో ఒక షాపుకెళ్లి గిటారు నట్ ఉందా అంటే ఆయన బోల్టు నట్ అనుకుని చాలా మర్యాదగా "ఎం సిక్సా, ఎం ఎయిటా, ఎన్ని కావాలి?" అన్నాడు. ఇప్పటికి ఓ నలభై చేసుంటాను, మొదటి ఐదూ చెత్తబుట్టలోకే పోయాయి. అందుకే ముందే చెప్తున్నా, నట్ పాడైతే పోయేది కొన్ని వందల రూపాయల ముక్క, ఇంకోటి చేసుకుంటావు. నెక్ మీద చెక్క లేచిపోతే మాత్రం మళ్లీ రాదు. కాబట్టి భయపడాల్సింది పాత నట్ తీసేటప్పుడు, అది కూర్చునే కాలువ శుభ్రం చేసేటప్పుడు. కొత్త ముక్క అరగదీసేటప్పుడు ఏ టెన్షనూ పెట్టుకోకు.

ఇంకో మాట. తీగలకి ఇంగ్లిష్ అక్షరాల పేర్లే రాస్తే, "ఈ తీగ" అంటే ఏ తీగో, "ఏ తీగ" అంటే ఈ తీగో తెలియక ఇద్దరం చస్తాం. అందుకని సన్నదాన్ని ఒకటో తీగ అని, లావుదాన్ని నాలుగో తీగ అని రాస్తున్నా.

ముందు తప్పు నట్‌దేనా చూసుకో. గిటారు ట్యూన్ చేసి నాలుగో తీగని మొదటి ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీ) దగ్గర నొక్కి మీటు. బజ్ పోయిందా, అయితే తప్పు నట్‌దే, గాడి లోతైపోయి ఉంటుంది, లేదా తీగ గాడిలో సరిగ్గా కూర్చోవట్లేదు. అప్పటికీ జుయ్యిమంటోందా, నట్‌ని తిట్టకు, నెక్ వంపు, యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగల ఎత్తు), ఫ్రెట్లు చూసుకోవాలి. నెక్ వంపు ఎలాగూ చూడాల్సిందే. తీగని మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, నెక్ బాడీలో కలిసే చోట ఇంకో చేత్తో నొక్కిపట్టి, ఏడో ఎనిమిదో ఫ్రెట్ మీద తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సందు చూడు, 0.3 మి.మీ. అటూ ఇటూ ఉంటే బాగున్నట్టే. ఎక్కువో తక్కువో ఉంటే ట్రస్ రాడ్ (నెక్ లోపల వంపు సరిచేసే ఉక్కు కడ్డీ) ఒకేసారి పావు చుట్టుకి మించి తిప్పకుండా సరిచేసి, ఒక రాత్రి వదిలెయ్యి. మన సముద్రపు గాలికి నెక్ వానాకాలం ఒకలా, ఏప్రిల్లో ఒకలా ఉంటుంది, నీకూ తెలుసు. వంపు సరిచేశాకే నట్ కొయ్యాలి, ముందు కోసి తర్వాత వంపు మారిస్తే నువ్వు తీసిన లెక్కలన్నీ కదిలిపోతాయి.

ఇప్పుడు పాతది తీయడం. నీది జాజ్ బాస్ తరహా కాబట్టి నట్ బహుశా ఫ్రెట్‌బోర్డులో (ఫ్రెట్లు దిగిన చెక్క పలకలో) కోసిన సన్న కాలువలో, ముందూ వెనకా చెక్క గోడల మధ్య కూర్చుని ఉంటుంది. నేను మొదటిసారి ఏం చేశానో చెప్తా విను, అది నువ్వు చెయ్యకు. క్వయర్ గిటారు, పండగ ఇంకో పది రోజుల్లో ఉంది, ఎంత లాగినా నట్ రావట్లేదని ఫ్రెట్‌బోర్డు వైపు నుంచి సన్న స్క్రూడ్రైవర్ దూర్చి పెళ్లగించాను. నట్ వచ్చింది, దాంతోపాటు మొదటి ఫ్రెట్ ముందున్న చెక్క గోరంత పెచ్చు లేచొచ్చింది. ఆ పెచ్చుని నేలమీద టార్చిలైటుతో వెతికి, ఫెవిక్విక్‌తో అంటించి, ఆ ఆదివారం ఎవరూ నెక్ వైపు చూడకుండా నిలబడి వాయించాను. తప్పంతా నాదే. నెక్ మీది లక్క పూత నట్ పక్కల మీదికి కూడా పాకి ఉంటుంది, దాన్ని ముందు కోయకుండా కదిపితే పూతతో పాటు చెక్కా లేస్తుంది.

కాబట్టి కొత్త కట్టర్ బ్లేడు తీసుకుని నట్‌కి నాలుగు వైపులా, చెక్క కలిసే గీత వెంబడి తేలిగ్గా మూడు నాలుగు సార్లు గీయి. ఒకేసారి గట్టిగా నొక్కొద్దు, జారితే బ్లేడు ఎటు పోతుందో దేవుడికే తెలుసు. తర్వాత ఒక చిన్న చెక్క ముక్కని నట్ పక్క కొసకి ఆనించి, సుత్తితో టక్ టక్ మని తట్టు. కదిలితే పక్కకే జరుపుతూ లాగెయ్. కదలకపోతే బలం పెట్టకు, సన్న హాక్సా బ్లేడుతో నట్‌నే మధ్యలో నిలువునా, ఈ కొస నుంచి ఆ కొసకి, దాదాపు అడుగు దాకా కోసేసి, పట్టకారుతో రెండు సగాల్నీ లోపలికి నొక్కు. గోడల్ని వదిలేసి అదే విరిగి బయటికొస్తుంది. నీది ఎలాగూ పగిలిన నట్ కాబట్టి నేనైతే మొదటే ఈ పద్ధతికి పోతాను. ప్లాస్టిక్‌కి సాల్డరింగ్ ఐరన్ పెట్టి వేడి చేయమని ఎవరైనా చెప్తే వినకు, కరిగి కాలువ నిండా అంటుకుంటుంది.

కాలువలో పాత జిగురు గడ్డలు ఉంటాయి. విరిగిన హాక్సా బ్లేడు ముక్క కొసని గ్రైండరు మీద నలుచదరంగా పట్టిస్తే మంచి గోకుడు ఉలి అవుతుంది, దాంతో జిగురు మాత్రమే గోకు. చెక్క పొడి కనపడగానే ఆగిపో. కాలువ వెడల్పు ఒక్క వెంట్రుక పెరిగినా కొత్త నట్ వదులైపోతుంది. అడుగు చదునుగా ఉందా, ఫ్రెట్‌బోర్డులా వంపుగా ఉందా అన్నది కూడా ఇప్పుడే చూడు, పాత ఫెండర్ తరహా నెక్‌లలో అడుగు కూడా వంపుగానే ఉండే రకాలున్నాయి.

ఇక ముక్క. ఎముక బ్లాంకులు (ఇంకా గాడులు కోయని ముక్కలు) ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, నా ఓటు వాటికే. కటికవాడి దగ్గర ఎముక తెచ్చి ఉడకబెట్టి కొవ్వు తీసి ఎండబెట్టే ప్రయోగం నేనూ చేశాను, మా ఆవిడ మూడు రోజులు వంటింట్లోకి రానివ్వలేదు, ఆ పని వద్దు. ఎముక ముట్టడం ఇష్టం లేనివాళ్లకి కోరియన్ ఉంది, అంటే మాడ్యులర్ కిచెన్ గట్టు మీద పరిచే యాక్రిలిక్ పలక. ఆ పని చేసేవాళ్లనడిగితే కోయగా మిగిలిన ముక్కలు ఊరికే ఇచ్చేస్తారు, గిబ్సన్ వాళ్లు కూడా నట్లకి వాడిన సరుకే. గ్రానైటు ముక్క మాత్రం తెచ్చుకోకు, ఫైలు (ఆకురాయి) అరుగుతుంది గానీ అది అరగదు. ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్రతో ప్రయత్నించినవాణ్ణి ఒకణ్ణి చూశాను, చూడ్డానికి ముద్దుగానే ఉంది కానీ అంత మెత్తటి కర్రలోకి బాస్ తీగ కత్తిలా దిగిపోయింది. ఇత్తడి నట్ల మోజు 1970లలో బాగా నడిచింది, నాకంత నచ్చదు. అయినా ఏ సరుకు పెట్టినా తేడా వినపడేది ఓపెన్ తీగల్లోనే, ఎక్కడైనా ఫ్రెట్ నొక్కావంటే ఇక మోగేది ఆ ఫ్రెట్ నుంచి బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే చోటు) దాకా, నట్‌కి అందులో పని లేదు. కాబట్టి సరుకు గురించి రాత్రిళ్లు వీడియోలు చూస్తూ కూర్చోకు. అరగదీసేటప్పుడు మాస్క్ పెట్టుకో, ఎముక పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు.

ముక్క మందం సరిచేయడం అసలు ఫిట్టర్ పని. ఈ రకం కాలువలు మామూలుగా 3.2 నుంచి 3.5 మి.మీ. మధ్య ఉంటాయి కానీ నా మాట నమ్మకు, వెర్నియర్‌తో మూడు చోట్ల కొలువు. అద్దం పలక మీద 120 నంబరు ఎమెరీ పేపర్ టేపుతో అంటించి, ముక్కని మూడు వేళ్లతో సమానంగా నొక్కి, ఇంటూ మార్కులా కాకుండా ఒకే దిక్కున లాగు. పది లాగుళ్లకోసారి ముక్కని కొస మార్చి తిప్పుకో, లేదంటే నీ చెయ్యి బరువు ఒకవైపు పడి అటువైపు సన్నమైపోతుంది. కొలతకి దగ్గరకొచ్చాక 240, తర్వాత 400. కాలువలో పెట్టి బొటనవేలితో నొక్కితే దిగాలి, గిటారు తిరగేస్తే పడకూడదు, గోటితో లాగితే రావాలి. సుత్తితో కొట్టి దింపావంటే గోడ పగులుతుంది.

అడుగు ఆనడం ఇంకా ముఖ్యం. షిప్‌యార్డులో బేరింగ్ సరిగ్గా ఆనిందా చూడ్డానికి బ్లూ అనే నీలి రంగు పూసేవాళ్లం, ఏ చోట రంగు అంటుకుంటే ఆ చోట మిట్టగా ఉందని. ఇక్కడ బ్లూ వద్దు, చెక్కలోకి ఇంకిపోతుంది. మెత్తటి పెన్సిల్‌తో కాలువ అడుగున రుద్ది, ముక్కని పెట్టి నొక్కి తీస్తే, తగిలిన చోటల్లా నల్లటి మచ్చ పడుతుంది. ఆ మచ్చల్ని మాత్రమే గీకి మళ్లీ పెట్టు. ఆరేడు సార్లకి అడుగంతా బూడిదరంగు తిరుగుతుంది. అడుగు చదునుగా ఉన్నా వంపుగా ఉన్నా ఇదే పద్ధతి. దీనికి నాకు గంట పడుతుంది, నీకు రెండు పట్టొచ్చు, పట్టనీ. అడుగున బోలు ఉంటే ఓపెన్ తీగ మందకొడిగా మోగుతుంది, పైగా ముక్క కదులుతుంది.

తర్వాత ఒక పెన్సిల్‌ని నిలువునా సగానికి అరగదీసి, ఆ చదును వైపు మొదటి రెండు మూడు ఫ్రెట్ల మీద ఆనించి జరుపుతూ నట్ ముందు ముఖం మీద గీత గీయి. అది ఫ్రెట్ల తలల మట్టం. గాడుల అడుగు ఎప్పుడూ ఈ గీతకి పైనే ఉండాలి. గీత పైన ఓ 3 మి.మీ. వదిలి మిగతాది కోసెయ్, ఆ పై అంచుకి ఫ్రెట్‌బోర్డు వంపే ఇవ్వు.

గాడుల దూరం దగ్గర చాలామంది తప్పు చేస్తారు, షాపులో దొరికే రెడీమేడ్ నట్లలో కూడా చూశాను. తీగల మధ్య బిందువులు సమాన దూరంలో పెడితే, లావు తీగల మధ్య సందు తగ్గి వేళ్లు ఇరుక్కుంటాయి. సమానంగా ఉండాల్సింది తీగ అంచు నుంచి పక్క తీగ అంచుకి ఉన్న ఖాళీ. నీ నట్ 38 మి.మీ. అనుకుందాం (జాజ్ బాస్‌కి ఒకటిన్నర అంగుళం, 38.1), తీగలు మామూలు 45-65-85-105 సెట్టు (అంగుళంలో వెయ్యో వంతుల్లో మందం). మి.మీ.లలో మందాలు 1.14, 1.65, 2.16, 2.67, అన్నీ కలిపితే 7.62. రెండు పక్కలా 3 మి.మీ. చొప్పున వదిలితే మిగిలేది 24.38, దాన్ని మూడు సందులకి పంచితే ఒక్కోటీ 8.13. నాలుగో తీగ వైపు అంచు నుంచి గాడుల మధ్య గుర్తులు వరసగా 4.3, 14.9, 24.9, 34.4 దగ్గర పడతాయి. అదే మధ్య బిందువుల లెక్కన పెట్టి ఉంటే నాలుగు-మూడు తీగల సందు 7.6, రెండు-ఒకటి సందు 8.6 అయ్యేది. ఒక మి.మీ. తేడా అంటే తక్కువనుకోకు, చెయ్యి వెంటనే పట్టేస్తుంది. నీ తీగలు వేరే సెట్టు అయితే ఆ మందాలు పెట్టి మళ్లీ లెక్కేసుకో.

ముందు బయటి రెండు గాడులే సన్నగా గీసి, ఒకటో తీగ, నాలుగో తీగ ఎక్కించి, నెక్ పొడుగునా ఫ్రెట్ల కొసలకి సమానంగా పోతున్నాయా చూసుకో. ఏదైనా అంచుకి జారేట్టుంటే ఈ దశలో గాడిని ఓ పక్కకి జరపొచ్చు. లోపలి రెండూ తర్వాత.

గాడులు కోసే అసలైన నట్ ఫైళ్ల సెట్టు చాలా ఖరీదు, ఒక్క గిటారు కోసం కొనక్కర్లేదు. సన్న తీగలకి గ్యాస్ వెల్డింగ్ వాళ్లు నాజిల్ శుభ్రం చేసుకునే క్లీనర్ సెట్టు పనికొస్తుంది, ఆటోనగర్‌లో వెల్డింగ్ సామాన్లమ్మే ఏ షాపులోనైనా ఉంటుంది, కాకపోతే ఆ పుల్లలు వంగుతాయి, ఓపిగ్గా లాగాలి. లావు తీగలకి గుండ్రటి నీడిల్ ఫైలుతో మొదలుపెట్టి, ఆ తర్వాత పాత బాస్ తీగ ముక్కకి 320 ఎమెరీ పేపర్ ఒక చుట్టు చుట్టి దాన్నే ఫైలులా వాడు. కాగితం మందం కూడా కలుస్తుంది కాబట్టి ఒక సైజు చిన్న తీగకి చుట్టుకోవాలి, నాలుగో గాడికి మూడో తీగ ముక్క, అలా. గాడి అడుగు గుండ్రంగా వస్తుంది, వెడల్పు తీగ కంటే పిసరంత ఎక్కువ ఉంటుంది, అదే కావాలి. బిగుతైతే ట్యూన్ చేసేటప్పుడు తీగ గాడిలో పట్టుకుని ఒక్కసారిగా టింగుమని జారుతుంది.

ఫైలు పట్టే కోణం మీదే ఓపెన్ తీగ శబ్దమంతా ఉంది. గాడి చదునుగా ఉండకూడదు, హెడ్‌స్టాక్ (తీగలు చుట్టే కీలుండే నెక్ తల) వైపు దిగుతున్నట్టు ఉండాలి, అంటే తీగ చివరిసారి ఆనేది ఫ్రెట్‌బోర్డు వైపు అంచు మీదే కావాలి. నీళ్లు చూరు వైపు జారేలా ఇంటి కప్పుకి ఎలా వాటం ఇస్తామో అలాగన్నమాట. వాటం తిరగబడి వెనక అంచు ఎత్తైతే తీగ గాడిలోపలే కొట్టుకుని సితారులా జీరగా మోగుతుంది, అప్పుడు ఎత్తు ఎంత సరిగ్గా ఉన్నా లాభం లేదు.

ఎత్తుకి ఫీలర్ గేజి కావాలి, బైక్ మెకానిక్కులు ట్యాపెట్ క్లియరెన్స్ చూసే, రకరకాల మందాల ఉక్కు ఆకుల కట్ట. స్టీలు స్కేలు అంచుని మొదటి రెండు ఫ్రెట్ల మీద ఆనించి నట్ దాకా చాచి, దాని కింద నట్ పక్కన ఎన్ని ఆకులు పడతాయో చూడు. మామూలుగా 1 మి.మీ. దరిదాపుల్లో వస్తుంది. దానికి 0.5 కలిపి ఆ మందం ఆకులన్నీ నట్ ముందు ఫ్రెట్‌బోర్డు మీద పేర్చిపెట్టి గాడి దింపు, ఫైలు గట్టి ఉక్కుకి తగిలి జర్రుమనగానే ఆగు. మిగతా పని తీగలన్నీ ఎక్కించి, ట్యూన్ చేశాకే.

ఇక్కడి నుంచి విసుగు పని. తీగని రెండో మూడో ఫ్రెట్ల మధ్య నొక్కిపట్టి, మొదటి ఫ్రెట్ మీద తీగ కింద సందు చూడు. జిరాక్స్ కాగితం ఒకటి దాదాపు 0.1 మి.మీ. ఉంటుంది. నాలుగో తీగ కింద రెండు కాగితాలు దూరాలి, మూడోది తీగని లేపాలి. ఒకటో తీగ కింద ఒకటి సులువుగా పోయి రెండోది పట్టుకోవాలి. ఇక్కడ కనపడే సందు నట్ దగ్గరి ఎత్తులో దాదాపు సగమే, కాబట్టి ఇక్కడ 0.05 తగ్గాలంటే గాడిలో 0.1 తీయాలి. సందు ఎక్కువైతే తీగని వదులు చేసి, పక్కకి తప్పించి, రెండే రెండు లాగుళ్లు లాగి, మళ్లీ ట్యూన్ చేసి చూడు. ఒక్కో తీగకి ఇలా ఆరేడు సార్లు. "ఇంకొక్కసారి" అని ట్యూన్ చేయకుండా నాలుగు లాగావంటే ఆ గాడి పోయినట్టే, నా ఐదు నట్లలో మూడు పోయింది అక్కడే. ఎత్తు ఎక్కువుంటే ఎలా తెలుస్తుందంటావేమో, మొదటి ఫ్రెట్ స్వరం ట్యూనర్‌లో పైకి పోతుంది, వేలు కూడా నొప్పెడుతుంది. ఒక గాడి లోతైతే ఎముక పొడి నింపి ఒక చుక్క ఫెవిక్విక్ వేసి మళ్లీ కోసుకోవచ్చు, అది అతుకే కానీ డిసెంబరు గడిచిపోతుంది.

మూడో తీగ ఓపెన్‌గా కొంచెం మొద్దుగా మోగితే నట్‌ని మళ్లీ విప్పకు. ఈ తరహా హెడ్‌స్టాక్ మీద తీగల్ని కిందికి నొక్కే గుండ్రటి బిళ్ల ఒకటో తీగకీ రెండో తీగకీ మాత్రమే ఉంటుంది, నాలుగోదాని కీ నట్‌కి దగ్గరే ఉంటుంది కాబట్టి దానికి వాటం అదే వస్తుంది, మధ్యలో మూడోది అనాథ. దాన్ని కీ మీద చుట్టేటప్పుడు చుట్లు కిందికి దిగేలా, పోస్టు (తీగ చుట్టే కడ్డీ) అడుగు దాకా చుట్టు. చాలాసార్లు జబ్బు దాంతోనే పోతుంది.

అన్నీ కుదిరాక పై అంచు తగ్గించు, బాస్ తీగ సగం నుంచి మూడింట రెండొంతులు గాడిలో ఉండి మిగతాది పైకి కనపడాలి. పక్క కొసల్ని నెక్‌తో సమానం చేసి, మూలలు గుండ్రం చేసి, 800, ఆపై 1200 పట్టి, గుడ్డ మీద టూత్‌పేస్ట్‌తో రుద్దితే ఎముక మెరుస్తుంది. గాడుల్లో పెన్సిల్ పొడి వెయ్యి. అంటించడానికి ఫెవికాల్ రెండు చుక్కలు చాలు, ఫెవిక్విక్ కాదు. తీగల బిగువే దాన్ని పట్టి ఉంచుతుంది, జిగురు తీగలు మార్చేటప్పుడు పడిపోకుండా ఉండడానికే, పైగా రేపు దాన్ని తీసేవాడివి నువ్వే కావచ్చు. నట్ ఎత్తు మారింది కాబట్టి బ్రిడ్జి దగ్గర యాక్షన్, ఇంటోనేషన్ (ప్రతి ఫ్రెట్ దగ్గరా స్వరం సరిగ్గా పలకడం) మళ్లీ చూసుకో.

కాలువ శుభ్రం చేశాక, కొత్త ముక్క పెట్టకముందు ఒక ఫొటో తీసి ఇక్కడ పెట్టు, అడుగు కనపడేలా, వెలుతురు పక్కనుంచి పడేలా. చూసి చెప్తాను.